సాలపుట్టు రాళ్ళు

లైబ్రరీ ముందు గుమ్మం దగ్గర పోలయ్యను ఆపేశారు.

“డాన్స్ వాళ్ళు వెనక నుంచి వెళ్ళాలి. ఇవి కొత్త టైల్స్. ముందు నీ కాళ్ళు చూసుకో” అన్నాడు సెక్యూరిటీ వాడు.

పోలయ్య తన కాళ్ళ వంక చూసుకున్నాడు. రాత్రంతా వాన. సాలపుట్టు నుంచి రోడ్డు దాకా దారంతా బురదే. అక్కడి నుంచి నా జీపులో అరకు వచ్చాడు. సాలపుట్టుకు ఆయన నాయుడు, అంటే ఊరిపెద్ద. డెబ్బై దాటిన మనిషి. ఉతికిన తువ్వాలు తలకు చుట్టుకుని, సంబరంగా బయల్దేరాడు. ఊరు ఊరంతా ఆయన వెనకే వచ్చింది.

“డేన్సుకి రానేదు బాబూ. మా రాళ్ళు లోపలున్నాయి. సూసుకుందామని వొచ్చినాం.”

“రాళ్ళెక్కడికీ పారిపోవు. వెనక కూర్చోండి. డాన్స్ టైముకి పిలుస్తారు.”

నాకు ఒళ్ళు మండింది. నేను గోపిని. మాది కింద ఎస్.కోట వైపు. ఇరవై ఏళ్ళుగా ఈ కొండ ఊళ్ళకు జీపు నడుపుతున్నాను, జీపు డ్రైవర్ల యూనియన్‌కు సెక్రటరీని. సెక్యూరిటీ వాడి మీదికి వెళ్ళబోతే పోలయ్యే నా భుజం పట్టుకుని ఆపాడు.

“ఒగ్గీ గోపీ. ఏ గుమ్మమైతేనేటి, లోపలికెలితే సాలు.”

ఊరంతా లైబ్రరీ చుట్టూ తిరిగి పెరట్లోకి పోయింది. ముందు గుమ్మానికి కట్టిన బ్యానరు మీద ‘కొండమ్మ కాలువ – ఒక మహా నిర్మాణ గాథ’ అని రాసి ఉంది. ఆ గాథలోని మనుషుల్ని మాత్రం పెరట్లో కూర్చోబెట్టారు.

కాలేజీ తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, కొండమ్మ కాలువ గురించి మీ పాఠాల్లో చెప్పింది కొంతే. కొండల్లో పారే గెడ్డను మళ్ళించారు, సొరంగాలు తొలిచారు, కరెంటు తీశారు, మైదానానికి నీళ్ళిచ్చారు. నిజమే. కానీ ఆ కొండను తొలిచిందెవరు? పైనుంచి సాలపుట్టు గదబ గిరిజనులు. కిందనుంచి మా తాతల్లాంటి కరువు కూలీలు. మందుగుండు పేలి కొందరు, మట్టి విరిగిపడి కొందరు, జ్వరాలతో కొందరు పోయారు. కింది కూలీలను ఎక్కడివాళ్ళను అక్కడే పూడ్చేశారు. గదబలు మాత్రం పోయిన ప్రతి మనిషికీ ఒక రాయి వేసుకున్నారు.

అది వాళ్ళ ఆచారం. ఊరి నడుమ సదరు ఉంటుంది, ఊరు కూర్చుని మాట్లాడుకునే చోటు. మనిషి పోతే అతని పేర ఒక పెద్ద రాయి తెచ్చి అక్కడ పరుస్తారు. తర్వాతివాళ్ళు ఆ రాళ్ళ మీదే కూర్చుంటారు. తాత రాయి మీద మనవడు కూర్చోవడం తప్పు కాదు, తాత ఒళ్ళో కూర్చున్నట్టే. తప్పల్లా ఒకటే. ఆ రాళ్ళున్న చోట అబద్ధం ఆడకూడదు. గట్టు తగువైనా, ఆలుమగల తగువైనా సదరులోకి వచ్చిందంటే నిజం చెప్పి తీరాలి. సాలపుట్టులో ఈ కట్టుబాటు దాటినవాణ్ణి ఎవరూ ఎరగరు.

కిందటి చలికాలంలో రవిబాబు ఆ సదరులోకి వచ్చి నిలబడ్డాడు.

రవిబాబు పరాయివాడు కాదు. ఆ ఊరి రత్నాలు తమ్ముడు. తల్లి పోతే చిన్నప్పటి నుంచీ రత్నాలే పెంచింది. కాఫీ పళ్ళు కోసి, అల్లం బస్తాలు మోసి, వాణ్ణి చదివించింది. ఆ ఊళ్ళో మొదటి ఎం.ఏ. వాడే. కాలువ కంపెనీ వాడికి గిరిజన సంబంధాల అధికారి అని ఉద్యోగం ఇచ్చినప్పుడు ఊరు రెండు రోజులు థింసా ఆడింది. జీపుకు బంతిపూల దండ కట్టి వాణ్ణి ఊరేగించింది నేనే.

“ఇన్నాళ్ళూ కాలువ మీద ఇంజనీర్ల పేర్లే ఉన్నాయి. మన తాతల పేర్లెక్కడా లేవు” అన్నాడు రవిబాబు ఆ రోజు. “అరకు లైబ్రరీలో కాలువ మీద ఎగ్జిబిషన్ పెడుతున్నారు. కాలువ తవ్వినప్పుడు పోయినోళ్ళవి ఈ ఏడు రాళ్ళూ ఇవ్వండి. పక్కన వాళ్ళ పేర్లు రాయిస్తాను. అయిపోయాక తెచ్చి మళ్ళీ ఇక్కడే వేస్తాను.”

రత్నాలే మొదట ఒప్పుకోలేదు. “రెండో కాలువ వొస్తాదంటన్నారు. మన వాలు మీంచే తవ్వుతారంటన్నారు. ఇది కాలవ కన్నా పాత ఊరని సూపించడానికి మనకున్నయ్యి ఈ రాళ్ళే కదరా. ఇయ్యి కదిపితే ఎలా?”

“అక్కా, నేను లేనా? ఆ సంగతి నేను చూసుకుంటాను.”

వాడు సదరులో నిలబడి చెప్పాడు. అందుకే ఊరు నమ్మింది. ఆ ఊళ్ళో పుట్టినవాడు అక్కడ నిలబడి అబద్ధమాడతాడని ఎవరికీ తోచలేదు. పోలయ్య ఇంకో మాట కూడా అన్నాడు.

“అది ఆఫీసర్లంతా వొచ్చే ఇల్లు. మన రాళ్ళు అక్కడుంటే ఆ ఇంట్లో ఎవుడూ అబద్ధమాడనేడు. మనకి కావాల్సింది అదే కదా.”

ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

కంపెనీ ట్రాక్టరు పంపింది. ఊరు వద్దంది. పెద్దల్ని బస్తాల్లాగా ట్రాక్టరులో వేస్తారా? అడ్డుకర్రలకు తాళ్ళతో కట్టి, ఒక్కో రాయిని ఎనిమిదేసి మంది భుజాల మీద మోశారు. ముందు డప్పు, వెనక పాటలు. అరకులో కాఫీ తాగుతున్న టూరిస్టులు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీశారు. పెళ్ళికూతుర్ని అత్తారింటికి దిగబెట్టినట్టు తమ పెద్దల్ని తెచ్చి వాళ్ళే లైబ్రరీలో దిగబెట్టారు.

ఇప్పుడు పెరట్లో కూర్చున్నారు. మైకులో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతున్నారు. ఎండ నెత్తికెక్కింది. అప్పుడు వెనక తలుపు తీసుకుని సౌందర్య బయటికి వచ్చింది. రత్నాలు కూతురు, డిగ్రీ చదువుతోంది. మెడలో కాలేజీ ఐడీ కార్డు ఉంది కాబట్టి ముందు గుమ్మం నుంచే లోపలికి పోనిచ్చారు. వెళ్ళేటప్పుడున్న మొహం ఇప్పుడు లేదు.

“పిలవక్కర్లేదు. అందరూ రండి. బేగి రండి” అంది.

లోపలికి వెళ్ళాం. హాలు నడుమ ఎర్ర తివాచీ పరిచి ఏడు రాళ్ళనూ పేర్చారు. పక్కన అందమైన అక్షరాలతో బోర్డు పెట్టారు. సౌందర్య గట్టిగా చదివింది: ‘నాటి కూలీలు సేదతీరిన రాతి బల్లలు.’

“పేర్లేవీ?” అని అడిగింది రత్నాలు.

పేర్లు లేవు. గోడ నిండా టోపీలు పెట్టుకున్న ఇంజనీర్ల ఫోటోలున్నాయి. తట్టలు మోస్తున్న ఆడవాళ్ళ ఫోటో కూడా ఒకటుంది. దాని కింద ‘ఆనందంగా శ్రమదానం చేస్తున్న గిరిజనులు’ అని రాశారు. శ్రమదానమట! తట్ట దించితే కాంట్రాక్టరు కొరడా తీసేవాడని మా నాయనమ్మ చెప్పేది.

రాళ్ళ పక్కనే నిలబడి కంపెనీ జనరల్ మేనేజరు దుర్గాప్రసాద్ మైకులో మాట్లాడుతున్నాడు. “ఇంతటి మహా నిర్మాణంలో ఒక్క ప్రాణనష్టం కూడా జరగలేదని చెప్పడానికి గర్విస్తున్నాను.”

చప్పట్లు మోగాయి. పోలయ్య మాత్రం ఆ మనిషి మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. మాట తడబడుతుందని చూశాడు, గొంతు పట్టుకుంటుందని చూశాడు. దుర్గాప్రసాద్ మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, ఇంకో పది నిమిషాలు హాయిగా మాట్లాడాడు. తర్వాత సమోసాలు పంచారు.

“ఇటు చూడమ్మా” అంటూ సౌందర్య తల్లి చెయ్యి పట్టుకుని చివరి గోడ దగ్గరికి తీసుకుపోయింది.

అక్కడ రెండో కాలువ పటం ఉంది. కొండల మీదుగా నీలం గీత. దాని కింద పెద్ద రంగుల ఫోటో. ఖాళీ నేల, అక్కడక్కడా తవ్విన గుంటలు, అంచున సగం పనసచెట్టు. సౌందర్య చదివింది: ‘ప్రతిపాదిత మార్గం. నిర్జన కొండవాలు. ఆవాసాల ఆనవాళ్ళు లేవు.’

“ఇది మన సదరు కదే” అంది రత్నాలు. వేలు పెట్టి చూపించింది. “అదిగో, మన పనసచెట్టు. దానికి కట్టింది నా మేక తాడు.”

రాళ్ళు మోసుకొచ్చిన మర్నాడు, ఇళ్ళూ మిగతా రాళ్ళూ పడకుండా, ఆ ఏడు గుంటల వైపే తీసిన ఫోటో అది. వాళ్ళు భుజాలు ఒరుసుకుపోయేలా మోసి తెచ్చింది తమ ఊరికున్న ఒక్క సాక్ష్యాన్ని. పక్కన డప్పు కూడా వాళ్ళే కొట్టారు. ఆ సంగతి తెలిసిన క్షణంలో ఆ జనం మొహాలు చూడాల్సింది. ఇంత మోసాన్ని నేను నా జన్మలో చూడలేదు.

రవిబాబు గోడ వారగా నిలబడ్డాడు. రత్నాలు సరాసరి వాడి దగ్గరికి పోయింది.

“ఎవుడు తీసినాడురా ఆ ఫోటో?”

“అక్కా, ఇక్కడ కాదు. బయట మాట్లాడదాం.”

“తాత రాయి ముందరే సెప్పు. ఎవుడు తీసినాడు?”

“కంపెనీ అడిగింది. నేను తియ్యకపోతే ఇంకొకడు తీస్తాడు. కాలువ ఎలాగూ ఆగదు. నేనుంటే కనీసం మనకి మంచి ప్యాకేజీ అయినా…”

“నువ్వే తీసినావా?”

వాడు దుర్గాప్రసాద్ వైపు చూశాడు.

“సదరులో నిలబడి సెప్పినావు కదరా, మల్లీ తెచ్చి వేత్తానని.”

“ఎన్నాళ్ళక్కా ఈ నమ్మకాలు? రాయి రాయే.”

రత్నాలు చెయ్యి పైకి లేచింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఆ చెయ్యి అలాగే దించుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెంచిన చెయ్యి కదా.

పోలయ్య నేల మీద కూలబడ్డాడు. “అబద్ధమాడినారు రత్నాలూ. మన రాళ్ళ ముందరే ఆడినారు. ఏటీ కానేదు. సమోసాలు తింతన్నారు.”

“ఏటవుతాది దాదా? రాళ్ళకి నోరు నేదు. నోరున్నోళ్ళం మనం పెరట్లో కూకున్నాం.”

జనంలో గోల మొదలైంది. అర్జీ పెడదామని ఒకడు. ఎన్ని అర్జీలు పెట్టలేదు, ఎవడు చదివాడని ఇంకొకడు. కలెక్టరాఫీసు ముందు కూర్చుందామని ఎగ్జిబిషన్ చూడటానికి వచ్చిన సౌందర్య కాలేజీ పిల్లలు. లాయరుతో మాట్లాడదామని నేను. “రాళ్ళు అట్టుకెలిపోదాం” అంది రత్నాలు. “దొంగతనం కేసెడతారు” అన్నాడు వెనక నుంచి ఎవడో. “మా తాతని నాను దొంగతనం సేత్తానేటి? పెట్టమను” అంది.

దుర్గాప్రసాద్ మా వైపు వచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. వాళ్ళెప్పుడూ మర్యాదగానే మాట్లాడతారు.

“ఇవి ఇప్పుడు ఎగ్జిబిషన్ ఆస్తి అమ్మా. ఎవరైనా బలవంతం చేశారా మిమ్మల్ని? మీరే డప్పు కొట్టుకుంటూ మోసుకొచ్చారు.”

పోలయ్య లేచాడు. మోకాళ్ళ మీద చేతులానించి నెమ్మదిగా లేచాడు.

“అవును బాబూ, మేమే మోసుకొచ్చినాం. మోసుకెల్లడం కూడా మాకు తెలుసు.”

ఇంకేం కావాలి? కుర్రాళ్ళు బయటికి పరిగెత్తి షామియానా కర్రలు పీకారు. షామియానా సమోసాల బల్ల మీద కూలింది. తాళ్ళు బిగించారు. కాలేజీ పిల్లలు భుజాలు పట్టారు, ఆడవాళ్ళు పట్టారు, నేనూ ఒక కర్ర కింద భుజం పెట్టాను. ఏడు రాళ్ళూ ముందు గుమ్మం నుంచే బయటికి నడిచాయి. సెక్యూరిటీ వాడు టైల్స్ మాట ఎత్తలేదు.

శుక్రవారం, అరకు సంత. రోడ్డంతా కూరగాయల రాసులు, అల్లం బస్తాలు, పసుపు బస్తాలు. జనం దారిచ్చారు. సంత నడుమకు వచ్చేసరికి పోలీసులు అడ్డం నిలిచారు. ముందున్న కుర్రాడి మోకాలి మీద లాఠీ పడింది. రాయి ఒరిగింది.

“దించండి! ఎవరి కాలి మీదా పడకుండా దించండి!” అని అరిచాడు పోలయ్య.

ఏడు రాళ్ళూ సంత నడిరోడ్డు మీద దిగాయి.

“ఇవి లైబ్రరీకి తిరిగి పోవాలి” అన్నాడు ఎస్సై. కానిస్టేబుళ్ళు నలుగురు ఒక రాయి చుట్టూ చేరి మూలిగారు. అది కదల్లేదు. ఎస్సై లారీల దగ్గరున్న కళాసీలను పిలిచాడు. పొద్దస్తమానం బస్తాలు ఎత్తే మనుషులు వాళ్ళు. కిందివాళ్ళున్నారు, కొండవాళ్ళున్నారు. తలగుడ్డలు బిగించుకుంటూ వచ్చారు.

“ఏటియ్యి? ఎవులియ్యి?” అని అడిగాడు వాళ్ళ మేస్త్రి.

పోలయ్య ఒక్కో రాయి మీద చెయ్యి పెట్టి చెప్పాడు. ఇది సొరంగంలో మందుగుండుకి పోయిన మా పెదనాన్నది. ఇది జ్వరంతో పోయినవాడిది, వాడికి అప్పటికి మీసం కూడా రాలేదు. ఇది రత్నాలు తాతది, మట్టిపెళ్ళ కింద చిక్కుకుంటే రెండు రోజులు గొంతు వినిపించింది, తవ్వి తియ్యడానికి కాంట్రాక్టరు పని ఆపనివ్వలేదు. ఏడుగురి పేర్లూ చెప్పాడు. లైబ్రరీ గోడ మీద లేని పేర్లు సంతలో గట్టిగా వినపడ్డాయి.

ఎండుచేపలు అమ్మే పైడితల్లి తట్ట పక్కన పెట్టి లేచింది. విజయనగరం వైపు మనిషి, ప్రతి శుక్రవారం రైల్లో వస్తుంది.

“మా తాత కూడా ఆ సొరంగంలోనే ఉండిపోనాడు. శవం ఇవ్వనేదు, సెప్పా పెట్టా నేదు. మాకు రాయి కూడా నేదు” అంది. పోలయ్య వైపు తిరిగింది. “దాదా, వీటి పక్కన మా తాత కూడా ఉన్నాడనుకుంటే తప్పా?”

“తప్పేటమ్మా. పక్కపక్కనే సచ్చినారు” అన్నాడు పోలయ్య.

ఆమె బావురుమంది. మేస్త్రి తలగుడ్డ విప్పి భుజం మీద వేసుకున్నాడు. “మా వల్ల కాదు సార్. యీటిని మేం లైబ్రరీకి ఎత్తం” అన్నాడు. కళాసీలంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎస్సై క్రేనుకు ఫోన్ చేశాడు. నేను మా యూనియన్ వాళ్ళకు ఫోన్ చేశాను. క్రేను వచ్చే దారికి అడ్డంగా మా జీపులు నిలిచాయి.

అప్పుడు దుర్గాప్రసాద్ మర్యాద అయిపోయింది. రవిబాబును రెక్క పట్టుకుని ముందుకు తోశాడు. “నువ్వే కదయ్యా తెచ్చింది? ఎత్తించు!”

రవిబాబు కళాసీల వైపు చూశాడు, కాలేజీ పిల్లల వైపు చూశాడు. “గోపీ అన్నా, ఒక చెయ్యి వెయ్యన్నా. గొడవ పెద్దదైపోతుంది” అన్నాడు. నేను కదల్లేదు. మేనకోడలు సౌందర్య మొహం తిప్పుకుంది. చివరికి వాడొక్కడే వంగాడు. తన తాత రాయి కిందే వేళ్ళు దూర్చాడు. మెడ నరాలు ఉబ్బాయి, ఇస్త్రీ చొక్కా వీపున తడిసింది. ఎనిమిది మంది మోసిన రాయి ఒక్కడి చేతుల్లో వెంట్రుకవాసి కూడా కదల్లేదు. వదిలేద్దామంటే దుర్గాప్రసాద్ చూస్తున్నాడాయె. సంతంతా చూస్తోంది.

రత్నాలు వాడి దగ్గరికి నడిచింది. సాయం పడుతుందేమో అనుకున్నాను. ఆమె వంగి వాడి వేళ్ళను ఒక్కొక్కటే రాయి కింద నుంచి తీసింది.

“సెయ్యి నలిగిపోద్ది. తీసీ” అంది.

తీసి, వాడి చెయ్యి వదిలేసి, ఆ రాయి మీద కూర్చుంది. మళ్ళీ వాడి వైపు చూడలేదు. ఎస్సై వైపు చూసింది. “ఇప్పుడు ఎత్తు బాబూ. నన్నూ ఎత్తు.”

ఒక రాయి మీద పోలయ్య కూర్చున్నాడు, ఒక దాని మీద పైడితల్లి. సౌందర్యా కాలేజీ పిల్లలూ మిగతావాటి మీద కూర్చున్నారు. రత్నాలును ఈడ్చుకుపోయి వ్యాన్ ఎక్కించారు. ఆమె రాయి మీద వంకాయలమ్మే మనిషి కూర్చుంది. పోలయ్యను ఎత్తుకుపోయారు. ఆయన రాయి మీద నేను కూర్చున్నాను. నన్ను తోసుకుపోతుంటే నా వెనక ఎవరో కూర్చోవడం కనిపించింది. పొద్దు వాలేసరికి వ్యాన్ నిండిపోయింది. కానిస్టేబుళ్ళు సగం మంది మాకు కాపలా, మిగతా సగం మంది జీపుల దగ్గర.

వ్యాన్ జాలీకి మొహం ఆనించి చూస్తున్నాను. డుంబ్రిగుడ రోడ్డు మీంచి జనం వస్తున్నారు. ఫోన్ల మీద కబురు పాకినట్టుంది. ఊళ్ళకు ఊళ్ళు కదిలాయి. వాళ్ళ భుజాల మీద అడ్డుకర్రలూ, చేతుల్లో తాళ్ళూ ఉన్నాయి. రాళ్ళ మీద కూర్చున్నవాళ్ళు లేచి చోటిచ్చారు. తాళ్ళు రాళ్ళ కింద దూరాయి.

“ఎటుకి?” అని అరిచాడు కళాసీల మేస్త్రి.

“సాలపుట్టుకి” అన్నారెవరో.

మేస్త్రి తలగుడ్డ మడిచి భుజం మీద వేసుకుని కర్ర కిందికి వంగాడు. అతని వెనక కళాసీలంతా వంగారు. నా పక్కన రత్నాలు జాలీ గట్టిగా పట్టుకుంది.

రాయి లేచింది. దానికి అడ్డంగా నిలబడి ఉన్న రవిబాబు పక్కకు తప్పుకున్నాడు.